పాచికల పళ్ళేనికి టీకా తాత్పర్యం

మూలం: పాచికల పళ్ళెం ఒకటి. కర్రది. అడుగు చదరం. లోపల బట్ట. చేత్తో చేసినది. కానుకకు.

అవతారిక. కావ్యానికి వ్యాఖ్యానం పుట్టేది కావ్యం అర్థం కాక. ఈ మూలానికి వ్యాఖ్యానం అవసరమైంది, ఇందులో అర్థం కానిదేమీ లేదని అందరూ అనుకోవడం వల్ల. జంషెడ్‌పూర్‌లో స్నేహితుడి పుట్టినరోజుకో, గృహప్రవేశానికో, దీపావళికో సొంత చేత్తో ఏదైనా చేసి ఇద్దామనుకున్న ఎవరైనా ముందు ఒక పలక కొని, దాని మీదే పెన్సిలుతో రాసుకునే గ్రంథం ఇది. కర్త అజ్ఞాతుడు. గ్రంథం ఆయుర్దాయం మొదటి చిత్రిక పట్టేదాకా. ఆ తరవాత మూలం చెక్కపొట్టులో కలిసిపోతుంది గనక తాళపత్ర ప్రతులు లేవు, పరిష్కర్తల తగాదాలూ లేవు. ఛందస్సు లేదు. సమాపక క్రియ ఒక్కటీ లేదు. ఇది కవి అశక్తత అని కొందరంటారు. చేయవలసినదంతా ఇంకా ముందే ఉందని సూచన అని ఈ వ్యాఖ్యాత అంటాడు.

తాత్పర్యం. ఆచారం ప్రకారం ఇది చివర రావాలి. పరీక్షకు చదివేవాళ్ళు ముందుగా తిప్పేది చివరి పేజీయే కాబట్టి ఇక్కడే చెప్పేస్తే వాళ్ళకు శ్రమ తగ్గుతుంది. పాచికల పళ్ళెంలో సారమంతా అంచు. అంచు ఉన్నది పాచికను ఆపడానికని పైకి కనిపిస్తుంది. నిజానికి అది ఆపవలసింది ‘తొండి’ అన్న మాటను. కనక కానుకగా ఇచ్చే పళ్ళెంలో చేతి కష్టమంతా అంచుకూ, అంచులు కలిసే నాలుగు మూలలకూ, అడుగుపలక దూరే గాడికీ పోవాలి. నగిషీకి పోయినదంతా వృథా. మూలంలోని ఒక్కొక్క ముక్కా ఈ పక్షాన్ని ఎలా నిలబెడుతుందో ఇక చూద్దాం.

టీక. “పాచికల” — ఏ పాచికలని మొదటి శంక. ఋగ్వేదం పదో మండలంలోని జూదరి సూక్తంలో దొర్లేవి తాండ్రకాయలు. కృత, త్రేత, ద్వాపర, కలి అన్నవి యుగాల పేర్లే కాక ఆ కాలపు ఆటలో పడే దెబ్బల పేర్లు కూడా. అన్నిట్లోకీ చెడ్డ దెబ్బ కలి. మొహెంజొదారోలో దొరికిన మట్టి పాచికలు మాత్రం ఇప్పటి లూడో పాచికలకు మల్లే ఆరు ముఖాల ఘనాలు. చుక్కల అమరికే వేరు: ఒకటికి ఎదురుగా రెండు, మూడుకి ఎదురుగా నాలుగు, ఐదుకి ఎదురుగా ఆరు. ఈ మధ్య కథలాటలు ఆడే కుర్రకారు చేతుల్లో ఎనిమిది ముఖాలవీ ఇరవై ముఖాలవీ కూడా ఉంటున్నాయి. ఇరవై ముఖాలది దాదాపు గోళీయే, బల్ల దాటిందంటే మంచం కింద వెతుక్కోవలసిందే. ఈ జాతులన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటుంది. చెయ్యి దాటాక ఎక్కడ ఆగాలో వాటికి తెలియదు. అందుకే కవి పాచికలను బహువచనంలో చెప్పి పళ్ళేన్ని “ఒకటి” అన్నాడు: ఎన్ని పాచికలైనా, ఎందరు ఆడినా, పడే చోటు ఒక్కటే ఉండాలి. ఇది కవి సొంత ఊహ కాదు, దీనికి శాస్త్ర ప్రమాణం ఉంది. అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. జూదమంతా ఒకే చోట ఆడించడం అతని పని. మరో చోట ఆడినవాడికి 12 పణాల జరిమానా. పాచికలు అధ్యక్షుడే ఇవ్వాలి, వాటిని మార్చి వేరేవి వేసినవాడికీ అదే జరిమానా. గెలిచిన సొమ్ములో నూటికి 5 అతను పుచ్చుకోవాలి. ఆట ఒక్కచోట సాగితే గుట్టుగా బతికే దొంగలు బయటపడతారని కౌటిల్యుడు కారణం కూడా చెప్పాడు. అడుగు చదరం పళ్ళెం చేసేదీ ఇదే పని. నూటికి 5 అడగదు, అంతే తేడా.

“పళ్ళెం” — వేదకాలపు జూదరులకు పళ్ళెం ఉండేదా అంటే, ఉండేది. అధిదేవనమని నేలలో పల్లంగా చేసిన ఆటచోటు వైదిక వాఙ్మయంలో కనిపిస్తుంది. అంటే తొలి పాచికల పళ్ళెం ఉలితో చేసినది కాదు, పారతో తవ్వినది. గుంట తవ్వితే లోతు దానంతటదే వస్తుంది. జూదరికి కావలసింది ఆ లోతు వల్ల చుట్టూ ఏర్పడే గట్టు. మన వామనగుంటల పీటలోని 14 గుంటలు చింతపిక్కలను పట్టి ఉంచేదీ ఈ సూత్రం మీదే. ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ చూడండి. ధృతరాష్ట్రుడు పాచికలాట కోసం కట్టించిన సభకు వెయ్యి స్తంభాలు, నూరు వాకిళ్ళు. అంత కట్టించినవాడు పాచికలు పడే చోటుకు ఇది హద్దు అని ఒక గీత గీయించినట్టు వ్యాసుడు ఎక్కడా చెప్పలేదు. వాకిళ్ళు నూరున్నాయి, గట్టు ఒక్కటీ లేదు. పందెం రాజ్యం దాటి, తమ్ముళ్ళను దాటి, ఎక్కడిదాకా దొర్లిందో అందరికీ తెలుసు.

ఇక్కడ పూర్వపక్షి తప్పకుండా లేస్తాడు. గట్టు ఉంటే మాత్రం శకుని ఓడేవాడా? పాచికలు అతనివి, మాయ అతనిది, మధ్యలో జానెడు చెక్క ఏం చేస్తుంది? ప్రశ్న సబబైనదే, జవాబు రెండు ముక్కలుగా చెప్పాలి. పాచికే కల్తీదైతే ఏ అంచూ ఏమీ చేయలేదు, ఒప్పుకోవాలి. కానీ శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవన్న కథ జనం నోట పుట్టినది, వ్యాసుడు చెప్పినది కాదు. వ్యాసుడి శకుని ప్రధానంగా అక్షవిద్యలో ఆరితేరినవాడు, అనగా చేతి నేర్పరి. చేతి నేర్పుకు మాత్రం అంచు విరుగుడు. అమెరికా జూదశాలల్లో క్రాప్స్ అనే ఆట బల్లను చూస్తే ఈ సంగతి తేలుతుంది. అక్కడ పాచికలు విసిరినవాడు వాటిని అవతలి గోడకు తగిలేలా వేయాలి. ఆ గోడకు చిన్న చిన్న పిరమిడ్ల బుడిపెలున్న రబ్బరు అంటించి ఉంటుంది. లక్షలు చేతులు మారే చోట బల్ల యజమాని నమ్మినది ఆడేవాడి నిజాయతీని కాదు, ఆ గోడను. చేయి ఎంత సాధన చేసినా, ఏ బుడిపెకు తగిలి ఏ వంక తిరగాలో పాచికకు ముందుగా చెప్పలేదు. అసలు గోడ లేకుండా చేత్తో వేసిన వేటు మనం అనుకున్నంత నిష్పక్షపాతం కాదు. పర్సీ డయాకోనిస్, ఆయన సహచరులు 2007లో నాణెం ఎగరేయడం మీద గణితం కట్టి, పైకి విసిరినప్పుడు ఏ ముఖం పైన ఉందో పట్టుకున్నప్పుడూ అదే పైన ఉండే అవకాశం సగం కన్నా కొంచెం ఎక్కువని, నూటికి 51 దాకా ఉంటుందని చూపించారు. నాణెం గతే ఇది. కనక అంచు అన్నది కంచె మాత్రమే కాదు, పాచికకు తగిలే రెండో చెయ్యి. ఆ చేతికి పక్షపాతం లేదు. పళ్ళెంతో ఆడే ఇంట్లో ‘గోడ తగలని వేటు చెల్లదు’ అని ముందే ఒక కట్టడి చేసుకుంటే సగం తగాదాలు పుట్టకముందే పోతాయి. శకునికి ఆ కట్టడి చెప్పి ఉంటే అతను ఆటకే వచ్చేవాడు కాదని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

“కర్రది” — ఉక్కు ఊళ్ళో కర్రపళ్ళెమా అని ఇక్కడ పెద్ద పూర్వపక్షం, బలమైనది కూడా. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టి, 1912లో మొదటి ఉక్కు దిమ్మె దిగిన చోటు ఇది. రేకు ముక్కకు కరువు లేదు. నాలుగువైపులా మడిచి వెల్డింగు పెట్టిస్తే పూటలో పళ్ళెం సిద్ధం. చెద పట్టదు, వానకు ఉబ్బదు, మూలలు విడవవు. పైగా లోహానికి పూర్వాచారం కూడా ఉందని పూర్వపక్షి జర్మనీ దాకా వెళ్ళి సాక్ష్యం తెస్తాడు: వెట్‌వైస్ దగ్గర దొరికిన 4వ శతాబ్దపు రోమన్ పాచికల బురుజు. పైనుంచి పాచికలు వేస్తే లోపలి మెట్ల మీద తగులుతూ కింద వాకిట్లోంచి బయటపడతాయి. అది కంచు జాతి లోహంతో చేసినది; శత్రువులు నాశనమయ్యారు, నిర్భయంగా ఆడుకోండి అన్న అర్థం వచ్చే మాటలు దాని మీద చెక్కి ఉన్నాయి. వాకిట్లో చిరుగంటలు కూడా ఉండేవి. అదిగో, ఆ గంటలే మన పక్షానికి సాక్ష్యం. బురుజుకు చప్పుడు కావాలి, పాచికలు వచ్చాయని చాటాలి. పళ్ళేనికి కావలసింది నెమ్మది, పాచికను ఉన్నచోట కూర్చోబెట్టాలి. గట్టి పాచిక గట్టి రేకు మీద పడితే ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగరడమే అంచు దాటడానికి మొదటి మెట్టు. రాత్రి పదింటికి క్వార్టర్సులో రేకు పళ్ళెంలో పాచికలు వేసి చూస్తే పక్కింటివాళ్ళ అభిప్రాయం కూడా తెలుస్తుంది.

ఆ ఊరి చరిత్రే ఇంకో జవాబు చెబుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ కంపెనీ మెసపొటేమియా దాకా పట్టాలు పంపినందుకు మెచ్చి వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. అంటే ఆ ఊరి పేరుకే మూలం ఉక్కు పట్టా. కానీ పట్టా దేని మీద పడుకుంది? ఈ దేశంలో చాలా కాలం సాలుచెక్క స్లీపర్ల మీద.  బండి అదురును దిగమింగడానికి కిందొక మెత్తనిది కావాలి, ఆ మెత్తనిది మేకును వదలకుండా పట్టుకునేంత గట్టిదీ కావాలి. కర్రకు ఆ రెండు గుణాలూ ఉన్నాయి. ఉక్కు తన బలం చూపించుకోవడానికి కూడా కర్ర మీద ఆనుకోవలసి వచ్చిన ఊరిలో కర్రపళ్ళేనికి ఎవరూ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

అయితే సాలుతోనే చేద్దామా? ఝార్ఖండ్ రాష్ట్ర వృక్షం, సర్హుల్ పండగకు దాని పూలే పూజకు రావాలి, దల్మా కొండ పొడుగునా అదే అడవి. స్థానికాభిమానం మెచ్చదగినదే కానీ ఉలికి అభిమానాలు తెలియవు. సాలు బరువు, కరుకు. ఆరేటప్పుడు బీటలిస్తుంది, మెలి తిరుగుతుంది. దూలానికీ ద్వారబంధానికీ పుట్టిన కర్ర అది, అరంగుళం మందం పట్టీకి కాదు. పురాణాభిమానులు తాండ్రను సూచిస్తారు. బహేడా అని అక్కడివాళ్ళు పిలిచే ఈ చెట్టు ఆ అడవుల్లోనే ఉంది. నలుడి కథలో ఋతుపర్ణుడు ఆకులూ కాయలూ లెక్క చెప్పినది ఈ చెట్టువే, నలుడికి పాచికల మర్మమైన అక్షహృదయం పట్టుబడ్డాక అతన్ని వదిలిన కలి దూరింది కూడా ఈ చెట్టులోనే. పాచికల పళ్ళేనికి ఇంతకన్నా తగిన కర్ర ఏముంది అనిపిస్తుంది. తాండ్రకర్రలో కలి ఉన్నా లేకపోయినా పురుగు మాత్రం తప్పకుండా చేరుతుంది, త్వరగా పుచ్చిపోతుంది. కానుక పుచ్చుకున్నవాళ్ళు ఏడాది తిరక్కుండా పొట్టు ఎత్తుకోవలసి వస్తే అది నలోపాఖ్యానం అనిపించుకోదు. ఈ వ్యాఖ్యాత నిర్ణయం: అంచులకు షీషమ్, మన ఇరుగుడుకు దగ్గర బంధువు, చేవ ఉన్నది, అంచు పదును నిలుస్తుంది, పళ్ళెం బల్ల మీద జరగకుండా బరువూ ఇస్తుంది. అడుగుకు గమ్హార్, అంటే మన గుమ్మడి టేకు. తేలిక, ఉలికి లొంగుతుంది, ఋతువు మారినా పెద్దగా కదలదు.

ప్లైవుడ్ వేస్తే “కర్రది” అన్న మాట చెల్లుతుందా అని ఒక ఉపశంక. శుద్ధవాదులు చెల్లదంటారు. కానీ ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, పక్క పొర నార అడ్డంగా ఉంటాయి. ఒకదాని కదలికను ఇంకొకటి పట్టి ఉంచుతుంది. అడుగు చదరం అడుగుపలకకు కదలిక లేకపోవడం చిన్న వరం కాదు. జంషెడ్‌పూర్‌లో మే నెల వడగాడ్పు 40 డిగ్రీలు దాటి కర్రలో చెమ్మంతా పీల్చేస్తుంది, జులై వాన అదంతా తిరిగి ఇచ్చేస్తుంది. నారకు అడ్డంగా అడుగు వెడల్పున్న టేకు పలకైనా ఈ రెండు నెలల మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు పెరగవచ్చు. పొడుగువైపు మాత్రం కదలదు. అడుగుపలకను నాలుగువైపులా జిగురుపెట్టి బిగించినవాడి పళ్ళెం మూల మొదటి వానాకాలంలోనే విచ్చుకుంటుంది. తప్పు మూలది కాదు. అంచులకు లోపలివైపు గాడి తీసి, పలకను జిగురు లేకుండా అందులోకి దూర్చి, కదలడానికి చోటు వదలాలి. అంత ఓపిక లేనివాడికి ప్లైవుడ్ చెల్లుతుంది. పైన ఎలాగూ బట్ట వస్తుంది.

“అడుగు చదరం” — పళ్ళెమన్నాక గుండ్రంగా ఉండాలి కదా అంటే, వంటింటి పళ్ళేలకు ఆ నియమం. ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఒత్తి, ఆ రాపిడి వేడికే రంగు ఎక్కిస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ పనితనం గుండ్రటి వస్తువుకే సాధ్యం. గుండ్రటి పళ్ళెం కావాలనుకున్నవాళ్ళు అక్కడినుంచి తెప్పించుకుంటే ఇంకా బాగుంటుంది. కానీ ఇరవై ముఖాల పాచిక గుండ్రటి గోడ వెంబడి ప్రదక్షిణం చేస్తుంది. చదరంలో మూల దాన్ని పట్టేసుకుంటుంది. అంచు ఎత్తు అంగుళంపావు చాలు. తక్కువైతే పాచిక దాటుతుంది, ఎక్కువైతే పాచిక తీసేటప్పుడు వేళ్ళు తగులుతాయి.

“లోపల బట్ట” — ఫెల్ట్. మఖమల్ మెరుస్తుంది కానీ పడిన పాచిక కొస దాని పీచులో దిగబడి ఒరిగే వీలుంది. ఇక్కడే తొండికి ఆఖరి సందు ఉంది, దగ్గరగా చూడాలి. పాచిక గోడ దాకా వెళ్ళి ఆగింది. బట్ట అంచు గోడను ఆనకుండా చిన్న ఖాళీ వదిలింది. పాచిక ఒక కొస ఆ ఖాళీలోకి జారి, మీదివైపు ఐదుకీ మూడుకీ మధ్య వాలి నిలబడింది. ఐదు కావలసినవాడు కుడివైపునుంచి చూస్తాడు, మూడైతే బాగుండునన్నవాడు ఎడమవైపునుంచి చూస్తాడు, ఇద్దరికీ నిజమే కనిపిస్తుంది. దీనికి మందు బట్టను పలకకు నేరుగా అతికించకపోవడం. తడి ఫెవికాల్ ఫెల్ట్ మీదికి ఉబికి మరక కట్టడం మరో బాధ. గట్టి అట్టను లోపలి కొలతకు వెంట్రుకవాసి తక్కువగా కోసి, ఫెల్ట్‌ను దానికి చుట్టి, అంచులు వెనక్కి మడిచి అతికించి, ఆ అట్టను పళ్ళెంలోకి ఒత్తి దించాలి. మడత మందమే గోడకు ఆనుకుని ఖాళీ మూసేస్తుంది.

“చేత్తో చేసినది” — ఈ ముక్క మీద ఎక్కువమంది పొరబడతారు. చేతిపని అంటే వంకర ఉండాలి, ఆ వంకరే అందం అని ఒక వాదం ఈమధ్య బాగా చెల్లుతోంది. పాచికల పళ్ళెం విషయంలో ఇది చెల్లదు. నాలుగు మూలలకు ఎనిమిది కోతలు, ఒక్కొక్కటి 45 డిగ్రీలు. ప్రతి కోతలో అర డిగ్రీ తప్పితే, ఎనిమిది కోతలకు నాలుగు డిగ్రీలు. మూడు మూలలు ముచ్చటగా కలిసి నాలుగోది నోరు తెరుస్తుంది. లప్పం పెట్టి మూయవచ్చు. వానాకాలం వచ్చాక లప్పం ఎక్కడ పెట్టామో అందరికీ తెలుస్తుంది. మరి యంత్రానికిస్తే కోతలు తిరుగులేకుండా వస్తాయి కదా, చేత్తోనే ఎందుకు అని పూర్వపక్షి. కోత వరకు యంత్రానికి ఇచ్చినా నష్టం లేదని ఈ వ్యాఖ్యాత నిస్సంకోచంగా అంటాడు. యంత్రం చేయలేనిది ఏరడం. నాలుగు అంచులూ ఒకే పట్టీలోంచి వరసగా కోస్తే నార గీతలు మూల తిరిగి సాగుతాయి. ఏ ముక్క తరవాత ఏ ముక్క అన్నది కన్నుతో చూసి, ముక్కల వెనక పెన్సిలుతో అంకెలు వేసుకోవాలి. మూల కలిపేటప్పుడు తెగిన నార ముఖం జిగురును తాగేస్తుంది కనక ముందొక పూత పూసి, ఆరాక మళ్ళీ పూసి అతికించాలి. అతికాక మూలకు అడ్డంగా రంపంతో చీలిక పెట్టి, సన్నటి చెక్కపట్టీ దూర్చి, సమంగా చిత్రిక పట్టాలి. అది లేకపోతే మూలను పట్టుకున్నది జిగురొక్కటే. పళ్ళెం పుచ్చుకున్నవాడు ఇవేవీ చూడడు. చూడవలసిన అవసరం రాకపోవడమే పనితనం. పాఠాంతరం ఒకటి: మూల కుదిరిందో లేదో చూసే పనిముట్టు మన వడ్రంగికి మూలమట్టం, సాక్చీ బజారులో గునియా. ఉత్తరాంధ్రనుంచి కార్ఖానా పనికి వచ్చి, కదమాలోనూ బిష్టుపూర్ ఆంధ్రభక్త శ్రీరామ మందిరం చుట్టుపక్కలా తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్ళకు రెండు మాటలూ వచ్చు. చిత్రిక పట్టేదాన్ని మాత్రం రందా అని అడిగితేనే కొట్లో దొరుకుతుంది.

మెరుగుకు ఊళ్ళో ఉన్న సరుకు చాలు. దేశంలో లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో ఝార్ఖండ్ ముందుంది. కుసుమ, మోదుగ, రేగు చెట్ల మీద లక్కపురుగును పెంచుతారు. రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో 1924 నుంచి దీనికి పరిశోధన సంస్థే ఉంది. లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలచగా పూత మీద పూత వేస్తే షీషమ్ రంగు లోతుగా తేలుతుంది. లక్క ఇల్లు కట్టించి, అది కాలిపోయాక పాచికలకు దిగిన దుర్యోధనుణ్ణి గుర్తుచేసుకుని ఎవరైనా శకునం బాలేదనవచ్చు. శకునానికి భయపడనక్కర్లేదు, టీ గ్లాసుకు భయపడాలి. వేడికి లక్క మెత్తబడుతుంది, తడికి తెల్లటి వలయం కడుతుంది.

“కానుకకు” — మూలంలో అన్నిటికన్నా బరువైన ముక్క చివరికి వచ్చింది. జూదపు సామాను కానుకివ్వడం పెద్దలు మెచ్చే పనేనా అని ఒక ఆక్షేపణ. ఉత్తరాదిలో దీపావళి రాత్రి జూదమాడడం ఆచారమని సమర్థించే దారి ఒకటుంది కానీ ఈ వ్యాఖ్యాత అటు వెళ్ళడు. జూదాన్ని జూదం చేసేది పందెం. పళ్ళెంలో పందెం పెట్టే చోటు లేదు. వైకుంఠపాళిలో పాము నోట పడే పిల్లవాడూ పాచికే వేస్తాడు. ఏ ఆటైనా పళ్ళెం హద్దులు చూపించి కూర్చోబెడుతుంది కనక, జూదరికి అది కానుక అయితే కొంత మందలింపు కూడా అవుతుంది. రెండో ఆక్షేపణ దీనికన్నా గట్టిది: కానుకన్నాక అందంగా ఉండాలి, అంచుల మీద లతలు చెక్కకపోతే ఏం బాగుంటుంది? జవాబు: లోపలి గోడ మీద చెక్కితే ఏ లత దగ్గర తగిలిన పాచిక ఎటు తిరుగుతుందో నెల్లాళ్ళలో ఇంటివాళ్ళకు పట్టుబడుతుంది, అప్పుడు ఆ గోడ పక్షపాతి అవుతుంది. క్రాప్స్ బల్ల బుడిపెలు చుట్టూ ఒక్క తీరువి గనక అవి చెల్లుతాయి. వెలుపలి గోడ మీద ఏం చెక్కినా పాచికకు పట్టదు, మీ ఇష్టం. ఇచ్చేవాడు తన పేరు అడుగున, బల్లకు ఆనే వైపు రాసుకోవచ్చు. పక్కన సంవత్సరం, కర్ర పేరు రాస్తే రేపు మూల విడిచినప్పుడు బాగుచేసేవాడికి పనికొస్తుంది. నడిమధ్య రాస్తే ఫెల్ట్ కప్పేస్తుంది, ఫెల్ట్ న్యాయం తెలిసినది.

విశేషం. మూలలు జులై, ఆగస్టుల్లో అతికించకండి. వానలు వెళ్ళాక, దసరా దీపావళుల మధ్య అతికించండి. లక్క పూత బాగా ఆరాకే ఫెల్ట్ దించండి. ఖాళీ పళ్ళెం ఇవ్వకూడదన్న పట్టింపు ఉంటే ఆరు ముఖాల పాచికలు రెండు వేసి ఇవ్వండి. కొనేముందు ఎదురెదురు ముఖాలు కూడి చూడండి. ఏడు రాకపోతే అంగడివాడికి తిరిగి ఇచ్చేయండి.